కర్పూరం ఆర్పినవాళ్లు

మా నాన్న చీనీ తోట పెడుతున్నప్పుడు ఊళ్లో అందరూ నవ్వారు. బత్తాయిని మావైపు చీనీ అంటారు. పులివెందులకూ వేంపల్లెకూ మధ్య ఉన్న మా పల్లెలో అప్పటికి జొన్న, కొర్ర, వేరుశనగ తప్ప వేరే పంట తెలియదు. తాగడానికే నీళ్లు చాలని చోట పండ్ల చెట్లేమిటని అడిగేవాళ్లు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. బావి మీద ఎద్దులతో కపిల తోలి, పాదుపాదుకూ నీళ్లు కట్టి, ఆ మొక్కల్ని చెట్లు చేశాడు. తొలి కాపు వచ్చిన ఏడు, పిందెలు గోలీకాయలంత అయినప్పుడు, ఒకరోజు పొద్దున్నే నేనూ ఆయనా తోటకు పోయేసరికి చెట్లన్నీ మొదలంటా నరికి పడేసి ఉన్నాయి.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందనీ, కర్నూలు మనకు రాజధాని అనీ బళ్లో చెబుతున్న రోజులు. పడిపోయిన కొమ్మల మీద ఆకు ఇంకా వాడలేదు. నాన్న అరవలేదు, ఏడవలేదు. గట్టు మీద కూర్చుని, ఒక పిందెను తెంపి చేతిలో పెట్టుకుని, "ఇంగా పచ్చిగానే ఉంది పాపా" అన్నాడు. అంతే.

ఎవరు కొట్టించారో ఊరికంతా తెలుసు. ఊళ్లో పెద్దమిద్దె అని ఒకే ఒక ఇల్లు ఉండేది. ఆ ఇంటాయన వరుసకు నాన్నకు చిన్నాయన, అమ్మకు మామ, నాకు తాత. ఆయన చేను మా తోటకు అవతల ఉంది. బండ్లు రోడ్డెక్కాలంటే చుట్టూ తిరిగి పోవాలి. మా తోట మధ్యగా దారి ఇమ్మని రెండేళ్లు అడిగాడు. నాన్న ఇవ్వనన్నాడు. "చెట్ల మధ్యన బండ్లు యాడ తోలుతావు చిన్నాయనా" అన్నాడు. దానికి ఆయన, పదిమంది వింటుండగా, "చెట్లుంటే కదరా" అన్నాడు. అది జరిగిన వారానికే తోట పోయింది.

మా మేనమామ వచ్చి పులివెందుల పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇమ్మన్నాడు. నాన్న వినలేదు.

"సాక్షి యాడుండాడు? ఆయప్ప మింద సాక్షి చెప్పి ఊళ్లో ఎవురు బతుకుతారు? గండికి రమ్మను. స్వామి ముందర కర్పూరం ఆర్పి, నేను కొట్టించల్యా అని చెప్పమను. చెప్తే నేను ఇంగ నోరెత్తను."

ఈ మాట ఈనాటి పిల్లలకు తెలివితక్కువగా కనిపిస్తుంది. నా కొడుకు విని నవ్వాడు కూడా. ఆ రోజుల్లో అది తెలివితక్కువ కాదు. పాపఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామి ముందర అబద్ధపు ప్రమాణం చేసి ఏడాది తిరగకుండా నోరు పడిపోయినవాడి కథ ప్రతి ఊళ్లోనూ ఉండేది. దొంగతనం చేసినవాడు గండి దాకా పోయి, స్వామి ఎదుటే ఒప్పుకుని వెనక్కి వచ్చేవాడు. తప్పు చేసినవాడు కర్పూరం ఆర్పలేడు. మా నాన్నకు పొద్దున సూర్యుడు లేస్తాడనేది ఎంత నిజమో అదీ అంత నిజం. పెద్దమిద్దె ఆయన ఒప్పుకుంటాడనీ, పెద్దమనుషుల ముందు తల దించుకుంటాడనీ నాన్న నిజంగానే అనుకున్నాడు.

ఆయన వచ్చాడు. ఒక శనివారం పొద్దున ఏట్లో మునిగి, తడి పంచెతో గుడిలోకి నడిచాడు. పూజారి తమలపాకు మీద కర్పూరం వెలిగించి ఆయన అరచేతిలో పెట్టాడు. "ఈ మనిషి చెట్లు నేను కొట్టల్యా. నా మనుషులూ కొట్టల్యా. కొట్టింటే స్వామి నన్ను ఉంచకూడదు" అని గట్టిగా, ఏమాత్రం తడబడకుండా చెప్పి, రెండో చేత్తో అదిమి ఆర్పేశాడు. నేను అమ్మ పక్కన నిలబడి ఆయన మొహమే చూస్తున్నాను. భయం వస్తుందేమోనని చూశాను. ఏమీ రాలేదు. సంతలో ఎద్దుకు బేరం కుదుర్చుకుని చెయ్యి దులుపుకునే మనిషిలా ఉన్నాడు.

నాన్న స్వామికి సాష్టాంగపడి లేచి, తిరిగి వస్తూ మాకు బొరుగులు కొనిచ్చాడు. చెట్లు పోయిన తరువాత ఆయన మొహం తేటగా కనిపించింది ఆ ఒక్కరోజే. "ఇంగ మనం చేసేది ఏమీ ల్యా. ఆయప్ప పని స్వామి సూసుకుంటాడు" అన్నాడు అమ్మతో. అమ్మ చేతులెత్తి కొండవైపు దండం పెట్టింది.

ఆ ఎండాకాలం నాన్న తోటలో మోడులు తవ్వడం మొదలుపెట్టాడు. వానలు పడేలోగా చదును చేసి వేరుశనగ వేద్దామని. నరికిన మోడొకటి కత్తిలా మొన తేలి ఉంది. అది అరికాల్లో దిగింది. అమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. కొన్ని రోజులకు దవడలు బిగుసుకుపోయాయి. బండిలో పులివెందులకు, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ధనుర్వాతమనీ, ఆలస్యమైందనీ చెప్పారు. చీకటి గదిలో పడుకోబెట్టారు. చిన్న చప్పుడైనా ఒళ్లు విల్లులా వంగేది. నోరు తెరవలేడు కాబట్టి చివరి మాటలంటూ ఏమీ లేవు. మాకేమీ చెప్పకుండానే పోయాడు.

కర్మలనాడు పెద్దమిద్దె ఆయన వచ్చాడు. ఉతికిన కండువా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. అమ్మ తలుపు వెనకాల ఉంది, నేను ఆమె పక్కన ఉన్నాను. ఆయనకు తెలుసు మేము వింటున్నామని.

"నేనేమీ అనను. వానిది చిన్న వయసు. అయినా ఎవురి మాట నిజమో స్వామే తీర్పు చెప్పినాడు" అన్నాడు.

పెద్దమనుషులు తలలూపారు. నిందమోపినవాడికే తగిలింది, ప్రమాణం తిరగబడింది అని సాయంత్రానికి ఊరంతా అనుకుంది. నాన్న ప్రాణం పోయింది, చెట్లు పోయాయి, ఇప్పుడు ఆయన మాట కూడా పోయింది. అబద్ధం చెప్పి దేవుడి చేతిలో చచ్చినవాడు అని నా తండ్రికి పేరు పడింది. ఆయన చావును ఎప్పటికైనా మరిచిపోగలనేమో గానీ, ఆ మంచం మీది మాటను మాత్రం నేను మరిచిపోలేదు, మరిచిపోదలుచుకోలేదు.

కొన్నాళ్లకు పెద్దమిద్దె జీతగాడి భార్య మా బావి దగ్గరికి వచ్చింది. అమ్మ కడవ ముంచుతోంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"నా మొగుడే మ్మా. వాడూ ఇంగ ముగ్గురూ. ఆయన గట్టు మింద నిలబడి కొట్టించినాడు. మేం ఆ ఇంటి కూడు తినేటోల్లం. ఏం జేస్తాం."

అమ్మ ఆమెను తిట్టలేదు. "ఈ మాట ఇంగెవురికీ చెప్పొద్దు. నిన్ను సంపుతారు" అంది. ఆమె పోయాక కడవ అక్కడే పెట్టి బావి అంచున కూర్చుంది. అప్పుడు అమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

అమ్మకు అనుమానం స్వామి మీద రాలేదు. ఆలస్యం చేస్తున్నాడనుకుంది. శ్రావణమాసంలో శనివారాలు గండికి నడిచిపోయేది. నన్నూ తీసుకుపోయేది. మిగతావాళ్లు పిల్లలు కావాలనీ, వానలు కావాలనీ మొక్కుకుంటుంటే అమ్మ పెదవులు కదుపుతూ, "ఆయప్ప కండ్ల ముందరే ఆయప్పకుండేదంతా పోవాల స్వామీ. నా మొగుని మాట నిజమని ఊరికి తెలియాల" అని అడిగేది. నేను ఇంకా వివరంగా అడిగేదాన్ని. కాలు పడిపోవాలి, చెయ్యి పడిపోవాలి, మాట పడిపోవాలి, కానీ ప్రాణం మాత్రం చాలాకాలం ఉండాలి. పన్నెండేళ్ల పిల్ల అలా మొక్కుకుంటుందా అని ఎవరైనా అడిగితే, మొక్కుకుంటుంది. నేను మొక్కుకున్నాను. పద్నాలుగేళ్లప్పుడూ, పదహారేళ్లప్పుడూ అదే మొక్కు.

ఆయనకేమీ కాలేదు. మా తోట మధ్యగా బండ్ల దారి పడింది. అడ్డం చెప్పడానికి మగదిక్కు లేదు. కరెంటు వచ్చిన కొత్తలో ఊళ్లో మొదటి మోటారు ఆయన బావికే పెట్టారు. ఆ నీళ్లతో ఆయనే చీనీ తోట వేశాడు. గండిలో, ఏటి నుంచి పైకి వచ్చే మెట్ల దగ్గర బండలు పరిపించి, ఒక బండ మీద తన పేరు చెక్కించుకున్నాడు. శనివారం శనివారం మేము ఆ పేరు దాటుకుని గుడిలోకి పోవాల్సి వచ్చింది. అమ్మ దాన్ని తొక్కేది కాదు. దేవుడికిచ్చిన రాయి కదా అని పక్కనుంచి పోయేది. నేను కావాలని తొక్కేదాన్ని.

ఆయన ఆర్పి బతికాడు కాబట్టి మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. గొర్రెను దొంగిలించినవాడు పోయి ఆర్పి వచ్చాడు. గట్టు జరిపిన తమ్ముడు అన్న మీద ఆర్పి వచ్చాడు. ఎవరికీ నోరు పడిపోలేదు. మెల్లగా గండికి రమ్మని అడగడమే మానేశారు. జమ్మలమడుగు కోర్టుకు పోవడం, వకీలును పెట్టుకోవడం మొదలైంది. నాకు ప్రొద్దుటూరులో పెళ్లయింది. పత్తి మిల్లులో గుమాస్తాగా ఉన్న నా భర్త ఈ సంగతులు వింటే, "ప్రమాణాల కాలం పాయ. ఇప్పుడంతా స్టాంపు కాయితమే" అనేవాడు. అమ్మ ముందర అంటే మాత్రం ఆమె లేచి లోపలికి పోయేది.

నేను రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చిన సంవత్సరం పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో పెద్దమిద్దె ఆయన నిలబడ్డాడు. అప్పట్లో గెలిచిన వార్డు మెంబర్లే తమలో ఒకర్ని సర్పంచుగా ఎన్నుకునేవాళ్లు కాబట్టి, వార్డు గెలిస్తే సర్పంచు ఆయనే. మిగతా వార్డుల వాళ్లంతా ఆయన మనుషులే. ఎదురు నిలబడినాయన కూడా పుణ్యాత్ముడేమీ కాదు. ఎవరో ఒకరు నిలబడాలి కాబట్టి నిలబడ్డాడు. ఓటు రహస్యమన్నారు. ఆయనకు అదే ఇబ్బందిగా ఉంది. ఎవరు ఎటు వేశారో తెలిసే దారి లేదు. అందుకని పోలింగు ముందు రోజు పళ్లెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. పళ్లెంలో గండి నుంచి తెచ్చిన సింధూరం, తమలపాకులు, కర్పూరం. ఓటు వేస్తామని చెప్పి కర్పూరం ఆర్పాలి. ఆడవాళ్లకు రవికె గుడ్డ, మగవాళ్లకు తువ్వాలు.

నాన్న పోయాక ఆయన మా అరుగు ఎక్కడం అదే మొదలు. అమ్మకు రవికె గుడ్డ ఇవ్వాలా వద్దా అని ఆయన మనిషి తటపటాయించి, చివరికి ఒక టెంకాయ తీసి గడప మీద పెట్టాడు.

"ఏం కోడలా, పాతవన్నీ మనసులో పెట్టుకోగాకు. అప్పుడే స్వామి తీర్చేసినాడు" అన్నాడు పెద్దమిద్దె ఆయన.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, చెయ్యి చాపింది. నిప్పు పెట్టారు. "నీకే ఏస్తా మామా" అని రెండో చెయ్యి మూసి ఆర్పింది. ఆరాక కూడా చేతులు విడదీయలేదు. ఆయన అది చూసి, భక్తి అనుకుని తృప్తిగా నవ్వాడు.

వాళ్లు సందు తిరిగారో లేదో నేను విరుచుకుపడ్డాను.

"నాయన్ను మోడు మిందికి తోసినోనికి మాటిస్తావా? నీకు సిగ్గు ల్యా?"

అమ్మ తొట్టి నీళ్లలో చెయ్యి ముంచింది. అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. "నేను మాటియ్యల్యా. ఆయప్ప ఎట్ల ఇచ్చినాడో అట్లనే ఇచ్చినా" అంది.

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అమ్మ జీవితంలో చిన్న అబద్ధం కూడా ఆడి ఎరుగదు. పెరుగు లేదని అబద్ధం చెప్పి బిచ్చగాణ్ణి పంపించడం కూడా ఆమెకు చేతకాదు. "అమ్మా, అది స్వామి సింధూరం" అన్నాను. "తెలుసు" అంది. మళ్లీ స్నానం చేసి, తడి చీరతోనే దీపం వెలిగించి, దాని ముందు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. పైకే చెప్పింది. "స్వామీ, రేపు నేను తప్పుతాండా. నా మాట విని తప్పినోల్లది గూడా నాదే. వాల్లు పిల్లోల్లు గలోల్లు. అందరిదీ నామిందనే ఎయ్యి. నేను కాదనను."

తరువాత ఆ మధ్యాహ్నమంతా ఆమె మా వీధిలోనూ, కూలివాళ్లుండే వెనక వీధిలోనూ తిరిగింది. నేను నిండు కడుపుతో వెంట పోయాను. ఆడవాళ్లకు ముద్ర ఎక్కడ వెయ్యాలో, కాగితం ఎలా మడవాలో చూపించాను. ఆడవాళ్లందరికీ అదే భయం. కర్పూరం ఆర్పినాం కదా అని. అమ్మ ఒకే మాట చెప్పింది, పాపం తాను తీసుకున్నానని, దీపం ముందర చెప్పుకుని వచ్చానని. అమ్మ గురించి తెలిసినవాళ్లు కాబట్టి నమ్మారు. ఇంకెవరు చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

జీతగాడి భార్య కూడా అక్కడే ఉంది. ఆమె భర్త చనిపోయి అప్పటికి మూడేళ్లు. "నాకు నీ మొక్కు అక్కర్లేదు మ్మా. ఆ చెట్లు కొట్టింది మా ఇంటి గొడ్డలే. నా ఓటు నా పాపంతోనే ఏస్తా" అంది. పక్కనున్న ఆడవాళ్లు అంతా విన్నారు. పదేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. నాన్న చెప్పింది నిజమని వెనక వీధిలో ఆడవాళ్లకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

మర్నాడు బడిలో ఓట్లు వేయించి, అక్కడే లెక్కపెట్టారు. పెద్దమిద్దె ఆయన మనుషులు ముందుగానే డప్పులు తెప్పించి పెట్టుకున్నారు. కాసేపటికి డప్పులవాళ్లు ఒకరి తరువాత ఒకరు మా వీధిగుండా వెనక్కి పోవడం చూశాను. అప్పుడు తెలిసింది ఆయన ఓడిపోయాడని. నాకు కలిగిన ఆనందం ఎలాంటిదంటే, నా బిడ్డలు పుట్టినప్పుడు కూడా అంత కలగలేదు. ఇది చెప్పుకోవడానికి బాగుండదు, కానీ నిజం. కడుపులో పదేళ్లుగా ఉన్న నిప్పు మీద ఎవరో చల్లటి నీళ్లు కుమ్మరించినట్టయింది.

సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చాడు. అరుగు ఎక్కలేదు, వీధిలోనే నిలబడ్డాడు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది.

"కర్పూరం ఆర్పితివి గదే" అన్నాడు.

"ఆర్పినా మామా."

"స్వామి ముందర తప్పుతావా? ఆడమనిషివి, నీకు బయ్యం ల్యా?"

"ఉంది. శానా ఉంది." అమ్మ చాట కింద పెట్టింది. "నువ్వు ఆర్పినప్పుడు నీకుండెనా?"

అప్పటికి అరుగుల మీద జనం చేరారు. ఆయన వాళ్లను ఒకసారి చూసి, "స్వామి సూస్తాండాడు" అన్నాడు.

"సూడనీ. నీదీ సూసినాడు, నాదీ సూస్తాడు. ఇద్దరం ఒగటే ఇప్పుడు."

ఆయన పోయాడు. మరుసటి వారం జీతగాడి భార్యను పని నుంచి తీసేశారు. నా భర్త ఆమెకు ప్రొద్దుటూరులో పత్తి ఏరే పని చూపించాడు. మిగతావాళ్లను ఆయన ఏమీ చేయలేకపోయాడు, ఎవరు వేశారో ఎవరు వెయ్యలేదో తెలియదు కాబట్టి. సర్పంచు పదవి ఆ ఇంటికి మళ్లీ రాలేదు.

నాకు కడుపు నిండింది. అమ్మకు నిండలేదు. ఆ శ్రావణం గండికి పోదామంటే రానంది. "ఏం మొగం పెట్టుకోని పోయేది" అంది. దీపం నన్ను వెలిగించమనేది, నేను లేనప్పుడు పక్కింటి పిల్లను పిలిచేది. తాను ముట్టేది కాదు. శిక్ష వస్తుందని ఎదురుచూసింది, చుట్టం వస్తాడని ఎదురుచూసినట్టు. పాము కరుస్తుందేమో, పిడుగు పడుతుందేమో అనే భయం కాదు. ఎప్పుడు, ఎలా వస్తుందనే ఆలోచనే.

కొన్నేళ్లకు ఆమెకు కళ్లు మసకబారాయి. ప్రొద్దుటూరుకు తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తే పొర వచ్చిందన్నాడు, ఆపరేషను చేస్తే పోతుందన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నేను కోప్పడితే ఆమె మొహంలో నాకు ఎప్పుడూ కనబడని వెలుగు కనబడింది.

"ఇది పొర గాదు. స్వామి ఏసింది. ఆయన ఉండాడు, సూసినాడు. నాకు ఏసినాడంటే ఆయప్పకు గూడా ఏస్తాడు. నాది చిన్నది, ఆయప్పది పెద్దది. అందుకే ఆలీసెం."

అలా కళ్లు పోగొట్టుకుంటూ నాలుగేళ్లు కూర్చుంది. గోడ పట్టుకుని నడిచేది. నేను పోయినప్పుడల్లా పెద్దమిద్దె ఆయన ఎలా ఉన్నాడని అడిగేది. బాగున్నాడంటే, "ఉండనీ, ఉండనీ" అనేది. ఆమె గొంతులో కసి ఉండేది, నమ్మకం ఉండేది. ఆ రెంటినీ నేనెప్పుడూ విడదీయలేకపోయాను.

ఆయన చనిపోయినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. పోయి చూశాను. నలుగురు కొడుకులు, మనవళ్లు, మడత నలగని పంచె. మొహం నిద్రపోతున్నట్టే ఉంది. ఆయన బాధ పడ్డాడా అని పెద్దకోడలిని అడిగాను. "ల్యా పాపా. రాత్రి మజ్జిగ తాగి పండుకున్న్యాడు. తెల్లారి లేపితే లేయల్యా. పుణ్యాత్ముడు" అంది.

ఇంటికి వస్తూ అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. నోట్లోంచి రక్తం కక్కాడని చెప్పొచ్చు. ఆమె నమ్మేది. కానీ ఆ మనిషికి అనుకూలంగా ఎన్ని అబద్ధాలు ఈ ఊళ్లో నడిచాయో తలుచుకుంటే, అమ్మ దగ్గర ఇంకోటి చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె ఏడుస్తుందేమో, స్వామిని తిడుతుందేమో అనుకున్నాను. మామూలు గొంతుతో అడిగింది.

"నిద్దర్లోనేనా?"

"నిద్దర్లోనే."

"అట్లయితే నాది గూడా ఉట్టి పొరేనేమో" అంది. ఇంకాసేపటికి, "ఆ డాకటరు ఉండాడేమో కనుక్కో. సేయించుకుంటా" అంది.

ప్రొద్దుటూరులోనే ఆపరేషను చేయించాను. కట్టు విప్పాక మొదట నా మొహం చూసి, "నువ్వేంది ఇంత ముసిల్దానివైనావు" అంది. ఆ తరువాత లావుపాటి అద్దాలతో ఆరేళ్లు బతికింది. స్వామిని తిట్టగా నేను వినలేదు, మొక్కగా కూడా వినలేదు. ఎవరైనా గండికి పోతుంటే చిల్లర డబ్బులిచ్చి హుండీలో వేయమనేది. అడగడానికి మాత్రం ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

పెద్దమిద్దె ఆయన మునిమనవడు ఈ మధ్య ప్రొద్దుటూరులో మా ఇంటికి పెళ్లి పిలుపుకు వచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. అవ్వా అని కాళ్లకు దండం పెట్టాడు. పాత తరాల పంతాలు మాకెందుకవ్వా, మీరు తప్పకుండా రావాలన్నాడు. కాఫీ ఇచ్చాను. పెళ్లికి మాత్రం పోలేదు.